పెద్ద ఎస్‌యూవీయా, చిన్న కారా? భద్రత లెక్క చూసి ఎంచుకునే పద్ధతి

కారు కొనే ఆలోచన మొదలైన ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట, "హైవే మీద తిరగాలంటే పెద్ద బండే మేలు" అని. ఎత్తుగా కూర్చుంటాం, చుట్టూ ఇనుము ఎక్కువ ఉంటుంది, గుంతల్లో కుదుపు తెలియదు కనుక పెద్ద ఎస్‌యూవీయే క్షేమమని చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకం పూర్తిగా తప్పు కాదు. అయితే అది ఒక రకం ప్రమాదానికి వర్తించే నిజమే తప్ప అన్నిటికీ కాదు. అందుచేత "ఏది భద్రం" అన్న ప్రశ్నను మూడుగా విడదీసి అడగడం మంచిది. మరో వాహనంతో ఢీకొంటే ఏమవుతుంది, తనంతట తాను అదుపు తప్పితే ఏమవుతుంది, బండి బయట ఉన్న మనుషులకు ఏమవుతుంది? ఈ మూడిటికీ వచ్చే జవాబులు ఒకటి కావు. మీ ఇంటి అవసరానికి ఏ జవాబు ముఖ్యమో తేల్చుకున్నాకే డబ్బు కట్టాలి.

మొదట బరువు లెక్క వేయండి

రెండు వాహనాలు ఎదురెదురుగా గుద్దుకున్నప్పుడు బరువైనదానిలో ఉన్నవారికి మేలు జరుగుతుందన్నది భౌతికశాస్త్రం చెప్పే మాట. 2,200 కిలోల ఎస్‌యూవీ, 900 కిలోల చిన్న కారు చెరో 60 కిలోమీటర్ల వేగంతో వచ్చి ముఖాముఖి ఢీకొని, ఒకదానికొకటి అతుక్కుపోయాయనుకోండి. ఆ ముద్ద మొత్తం ఎస్‌యూవీ వెళ్తున్న వైపే సుమారు 25 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అంటే ఎస్‌యూవీ వేగంలో వచ్చిన మార్పు 35 కిలోమీటర్లు మాత్రమే. చిన్న కారు మాత్రం 60 కిలోమీటర్ల వేగాన్ని పోగొట్టుకోవడమే కాక, 25 కిలోమీటర్ల వేగంతో వెనక్కి నెట్టుకుపోతుంది కాబట్టి దాని వేగంలో వచ్చిన మార్పు 85 కిలోమీటర్లు. శరీరానికి తగిలే దెబ్బ ప్రధానంగా ఈ మార్పు మీద, అది ఎంత తక్కువ సమయంలో జరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఈ ఒక్క సందర్భంలో పెద్ద బండిని ఎంచుకున్నవారి వాదన నెగ్గుతుంది.

ఇప్పుడు ఇదే లెక్కలో అవతలి వాహనాన్ని మార్చి చూడండి. హైదరాబాద్ – విజయవాడ హైవే మీద రాత్రి వేళ ప్రయాణించే వారందరినీ భయపెట్టేది, లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీ. సరుకుతో కలిపి 16,000 కిలోలున్న లారీని వెనక నుంచి 60 కిలోమీటర్ల వేగంతో గుద్దితే చిన్న కారు వేగంలో వచ్చే మార్పు దాదాపు 57 కిలోమీటర్లు, ఎస్‌యూవీకైతే దాదాపు 53. ఎస్‌యూవీ మోస్తున్న అదనపు 1,300 కిలోలకు దక్కిన ప్రయోజనం నాలుగు కిలోమీటర్లే. పైగా లారీ తొట్టి అంచు ఎత్తుగా ఉంటుంది కాబట్టి ముందు భాగం నలిగి దెబ్బను మింగే అవకాశం రాకుండానే, ఆ ఇనుప అంచు నేరుగా అద్దాల దాకా వచ్చేయవచ్చు. వంతెన గోడ, చెట్టు, కాంక్రీటు దిమ్మె వంటివి కదలనే కదలవు కాబట్టి అక్కడ బరువు వల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. అక్కడ ప్రాణం నిలబెట్టేది బండి నిర్మాణం, బెల్టు, ఎయిర్‌బ్యాగులు, అన్నిటికంటే ముందు వేగం. 80 కిలోమీటర్ల నుంచి 100కు వేగం పెంచితే బండిలో ఉండే గతిశక్తి 56 శాతం పెరుగుతుందని గుర్తుంచుకుంటే, బరువు కంటే యాక్సిలరేటర్ మీది పాదానికే ఎక్కువ బాధ్యత ఉందని అర్థమవుతుంది.

నక్షత్రాలను చదవడం నేర్చుకోండి

మన దేశంలో, ఢీకొన్నప్పుడు కారు ఎంత రక్షణ ఇస్తుందో చూసి నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్షా విధానాన్ని 2023 ఆగస్టులో ప్రారంభించారు. అది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇందులో కారును 64 కిలోమీటర్ల వేగంతో నడిపి, ముందు భాగంలో 40 శాతం మాత్రమే తగిలేలా, నలిగే గుణమున్న అడ్డంకిని గుద్దిస్తారు. పక్క నుంచి 50 కిలోమీటర్ల వేగంతో గుద్దే పరీక్ష, 29 కిలోమీటర్ల వేగంతో స్తంభానికి పక్కవాటుగా తగిలే పరీక్ష కూడా ఉన్నాయి. పెద్దల రక్షణకు 32, పిల్లల రక్షణకు 49 గరిష్ఠ పాయింట్లు. ఐదు నక్షత్రాలు రావాలంటే పెద్దల విభాగంలో కనీసం 27, పిల్లల విభాగంలో కనీసం 41 పాయింట్లు ఉండాలి. ఇది తయారీదారులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి చేయించుకునే పరీక్ష కాబట్టి ప్రతి మోడల్‌కూ ఫలితం దొరకదు. ఫలితం లేని బండిని చూసి "పెద్దది కదా" అని సరిపెట్టుకోకండి.

ఈ నక్షత్రాల విషయంలో తెలియక పొరబడే చోటు ఒకటుంది. ముందు భాగపు పరీక్ష, ఆ కారు సుమారుగా తనంత బరువున్న మరో కారును గుద్దుకున్న పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. అందువల్ల ఐదు నక్షత్రాల చిన్న కారు, ఐదు నక్షత్రాల పెద్ద ఎస్‌యూవీ ఒకదానికొకటి ఎదురైతే ఇద్దరికీ సమానమైన రక్షణ దొరుకుతుందని అనుకోకూడదు. పైన చెప్పిన బరువు లెక్క అక్కడ తన పని తాను చేస్తుంది. దాదాపు ఒకే బరువున్న బండ్ల మధ్య పోలికకే నక్షత్రాలు సరిగ్గా పనికొస్తాయి.

అయితే పరిమాణం పెద్దదైనంత మాత్రాన నిర్మాణం గట్టిదవుతుందని లేదు. ఇలాగే కార్లను పరీక్షించే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2016లో పరీక్షించిన నాటి మహీంద్రా స్కార్పియో, ఎయిర్‌బ్యాగులు లేని వేరియంట్‌లో, పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రం కూడా తెచ్చుకోలేదు. అదే పేరుతో కొత్తగా రూపొందిన స్కార్పియో-ఎన్ 2022 డిసెంబరులో పెద్దల రక్షణలో ఐదు నక్షత్రాలు సాధించింది, పిల్లల రక్షణలో మాత్రం మూడే వచ్చాయి. 2024 ఏప్రిల్‌లో ఎత్తైన బొలెరో నియోకు రెండు విభాగాల్లోనూ ఒక్కొక్క నక్షత్రమే దక్కగా, అదే ఏడాది నవంబరులో మారుతి డిజైర్ అనే చిన్న సెడాన్ పెద్దల రక్షణలో ఐదు, పిల్లల రక్షణలో నాలుగు నక్షత్రాలు తెచ్చుకుంది. ఎదురెదురు ఢీలో బరువు మాట వేరుగానీ, డివైడర్‌నో చెట్టునో గుద్దినప్పుడు కూర్చున్న చోటు నలగకుండా నిలబడుతుందా లేదా అన్నదే ముఖ్యం. అందుకే గ్లోబల్ ఎన్‌క్యాప్ నివేదికలో నక్షత్రాల కింద ఉండే ఒక చిన్న వాక్యాన్ని తప్పక చదవండి. బాడీ షెల్, అంటే మనుషులు కూర్చునే చోటు చుట్టూ ఉండే బండి చట్రం, స్థిరంగా ఉందా, అస్థిరంగా ఉందా అని అందులో చెబుతారు. నా దృష్టిలో ఆ వాక్యం ఒక నక్షత్రం కంటే విలువైనది, ఎందుకంటే ఎయిర్‌బ్యాగు ఆపగలిగేది తల ముందుకు పోవడాన్నే కానీ, డ్యాష్‌బోర్డు మోకాళ్ల మీదికి రావడాన్ని కాదు.

చిన్నపిల్లలున్న ఇంటివారు పెద్దల నక్షత్రాలను పక్కన పెట్టి పిల్లల పాయింట్లను ముందు చూడాలి. ఫలితం వచ్చిన సంవత్సరాన్ని, పరీక్షించిన వేరియంట్‌ను కూడా గమనించాలి. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022లో నిబంధనలను కఠినం చేసింది కాబట్టి అంతకు ముందటి ఐదు నక్షత్రాలకూ తర్వాతి ఐదు నక్షత్రాలకూ తేడా ఉంది.

బోల్తా పడే గుణాన్ని విడిగా పరిశీలించండి

పెద్ద బండి వైపు మొగ్గేవారు సాధారణంగా మరిచిపోయే విషయం ఇదే. ఎడమ, కుడి చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని, గురుత్వ కేంద్రం (బండి బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) నేల నుంచి ఉన్న ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకెను బట్టి ఒక వాహనం ఎంత తేలికగా పల్టీ కొడుతుందో అంచనా వేస్తారు. ఆ అంకె ఎంత ఎక్కువైతే బండి అంత నిలకడగా ఉంటుంది. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ లెక్కల ప్రకారం సాధారణ కార్లకు ఇది 1.3 నుంచి 1.5 వరకు ఉంటే, ఎత్తైన ఎస్‌యూవీలకు చాలావరకు 1.0 నుంచి 1.25 మధ్య ఉంటుంది. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకోవలసి వచ్చింది; వాటిలో అధిక భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఎస్‌యూవీకి అమర్చినవి. టైరు పైపొర ఊడిపోవడం, బండి అదుపు తప్పి బోల్తా పడటం వరుసగా జరిగిన ఆ ప్రమాదాల్లో 270 మందికి పైగా చనిపోయారు. టైరు ఊడటం ఏ కారుకైనా ప్రమాదమే, కానీ ఎత్తైన బండికి ఆ తర్వాత తేరుకునే వ్యవధి తక్కువ.

ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దినది ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అంటే షోరూమ్ భాషలో ఈఎస్‌సీ లేదా ఈఎస్‌పీ. స్టీరింగ్ తిప్పిన దిశకూ బండి పోతున్న దిశకూ పొంతన తప్పిందని గ్రహించిన మరుక్షణం, ఇది ఏ చక్రానికి అవసరమో దానికి మాత్రమే బ్రేకు వేసి బండిని దారిలోకి తెస్తుంది. ఇతర వాహనాల ప్రమేయం లేకుండా జరిగే ప్రమాదాలను ఇది కార్లలో 34 శాతం, ఎస్‌యూవీలలో 59 శాతం తగ్గిస్తుందని, బోల్తా ప్రమాదాలనైతే కార్లలో 71 శాతం, ఎస్‌యూవీలలో 84 శాతం తగ్గిస్తుందని అమెరికా ప్రభుత్వం అంచనా వేసి, 2012 మోడల్ సంవత్సరం నుంచి తేలికపాటి వాహనాలన్నిటికీ తప్పనిసరి చేసింది. ఎస్‌యూవీకి దీని అవసరం కారుకంటే ఎక్కువని ఆ అంకెలే చెబుతున్నాయి. కాబట్టి ఈఎస్‌సీ లేని ఎత్తైన బండిని, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో, ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. ఉందో లేదో తెలుసుకోవడం సులభం. తాళం తిప్పినప్పుడు మీటరు బోర్డు మీద, వెనక వంకర గీతలతో జారుతున్న కారు బొమ్మ పసుపు రంగులో వెలిగి కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ పరికరం లేదని, లేదా ఎవరో దీపాన్ని తీసేశారని అనుమానించాలి. ఆరకుండా ఉంటే అది చెడిపోయిందని అర్థం. ఎయిర్‌బ్యాగు దీపానికి కూడా ఇదే పరీక్ష.

మన రోడ్ల మీద బోల్తా ఎక్కువగా ఎలా మొదలవుతుందో తెలిస్తే, దాన్ని తప్పించుకోవడం కొంత తేలిక. తారు అంచు నుంచి ఎడమ చక్రాలు మట్టిలోకి దిగుతాయి, కంగారులో స్టీరింగ్‌ను ఒక్కసారిగా కుడికి లాగుతారు, బండి ఎగిరినట్టు రోడ్డు దాటి డివైడర్ రాతిని పక్కవాటుగా తాకుతుంది, అక్కడ పల్టీ కొడుతుంది. గేదెనో కుక్కనో తప్పించబోయినప్పుడు జరిగేదీ ఇదే. మట్టిలోకి దిగితే స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, వేగం బాగా తగ్గాక నెమ్మదిగా పైకి ఎక్కండి. అడ్డం వచ్చినదాన్ని చూస్తే ముందు తిన్నగా గట్టిగా బ్రేకు తొక్కండి. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండిలో పాదం కింద పెడల్ గడగడలాడినా వదలకూడదు.

బెల్టు లేని చోట పరిమాణం పనికిరాదు

2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లా అన్నేపర్తి దగ్గర సినీనటుడు, మాజీ పార్లమెంటు సభ్యుడు నందమూరి హరికృష్ణ తానే నడుపుతున్న పెద్ద ఎస్‌యూవీ బోల్తా పడగా, బయటికి విసిరివేయబడి మరణించారు. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న ఖరీదైన ఎస్‌యూవీ సూర్యా నది వంతెన గోడను గుద్దినప్పుడు, బెల్టు పెట్టుకున్న ముందు సీట్ల ఇద్దరూ బతికారు, వెనక బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ పోయారు. 2022లో సీటు బెల్టు పెట్టుకోకపోవడం వల్ల మన దేశంలో 16,715 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో 8,331 మంది ప్రయాణికులే, డ్రైవర్లు కారు.

అందుకని బండి చూసేటప్పుడు ప్రతి సీటులోనూ ఇంటివారిని ఒక్కొక్కరిని కూర్చోబెట్టి బెల్టు పెట్టించండి. పెళ్లిళ్లకు, తిరుపతి ప్రయాణాలకు ఏడుగురు ఎక్కుతారని మూడు వరుసల బండి కొనేవారు మూడో వరుసను ప్రత్యేకంగా పరిశీలించాలి. అక్కడ భుజం మీదుగా వచ్చే మూడు చోట్ల బిగిసే బెల్టు ఉందా, తల ఆనించే దిండు తల ఎత్తుకు వస్తుందా, పక్క అద్దాల మీదుగా విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఆ వరుస దాకా వస్తుందా, వెనక తలుపుకూ సీటుకూ మధ్య ఎంత చోటు ఉంది? పక్కలకు ఎదురెదురుగా బిగించిన సీట్లున్న బండిలో వెనక కూర్చున్నవారికి పెద్ద బండి భద్రతలో ఏ భాగమూ అందదు. పిల్లల సీటును బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు వేలితో తడిమితే సీటు, వీపు దిండు కలిసే సందులో తగలాలి. బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోవడం ఏ కారులోనైనా, ఎంత పెద్దదాంట్లోనైనా, రక్షణ కాదు.

బండి బయట ఉన్నవారి కోసం చేయవలసిన పరీక్ష

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులు, 19.5 శాతం పాదచారులు. మన రోడ్డు మీద మనం ఎక్కువగా గుద్దే అవకాశం ఉన్నది వీరినే. అమెరికాలోని ఐఐహెచ్‌ఎస్ అనే పరిశోధన సంస్థ 2023లో ప్రకటించిన అధ్యయనంలో, బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన వాహనాలు తగిలినప్పుడు, 30 అంగుళాలు లేదా అంతకంటే తక్కువ ఎత్తుతో వాలుగా ఉండే ముక్కున్న వాహనాలతో పోలిస్తే, పాదచారి చనిపోయే ప్రమాదం సుమారు 45 శాతం ఎక్కువని తేలింది. తక్కువ ఎత్తు కారు కాళ్లకు తగిలి మనిషిని బానెట్ మీదికి తెస్తుంది. ఎత్తైన ముక్కు ఛాతీకో తలకో తగిలి మనిషిని నేల మీదికి తోస్తుంది.

కాబట్టి షోరూమ్‌కు కొలత టేపు పట్టుకెళ్లి బానెట్ ముందు అంచు ఎత్తు కొలవండి. తర్వాత డ్రైవర్ సీటులో మీరు రోజూ కూర్చునే విధంగా కూర్చుని, మూడేళ్ల పిల్లవాడి ఎత్తు ఉండేలా రెండు ప్లాస్టిక్ స్టూళ్లను ఒకదానిపై ఒకటి పెట్టి బంపర్‌కు ఆనించమనండి. అక్కడి నుంచి ఒక్కో అడుగు బండికి దూరంగా జరుపుతూ పోతే, ఏ దూరంలో పై స్టూలు మీ కంటికి కనబడుతుందో అదే ఆ బండి ముందున్న గుడ్డి మేర. అపార్ట్‌మెంట్ సెల్లారులో, వీధి వాకిట్లో పిల్లలు ఆడుకునే ఇంటివారికి ఇది నక్షత్రాలంత ముఖ్యమైన పరీక్ష. ముందు అద్దానికి ఇరువైపులా ఉండే స్తంభాల మందాన్ని కూడా చూడండి, మలుపు తిరిగేటప్పుడు బైకు మొత్తం వాటి చాటున దాగిపోవచ్చు. ఎత్తులో కూర్చుంటే దూరం బాగా కనబడుతుందన్నది నిజమే, కానీ దగ్గర ఉన్నది కనబడదు.

కొన్న తర్వాత

బండికి ముందు బుల్ బార్, అంటే బంపర్ ముందు బిగించే ఇనుప కడ్డీల చట్రం, పెట్టించవద్దు. కేంద్రం 2017 డిసెంబరులోనే వీటిని తొలగించాలని రాష్ట్రాలకు ఆదేశాలు పంపింది. అది ఎదుటివారి ఎముకలు విరచడమే కాక, దెబ్బ సెన్సార్లకు చేరే తీరును మార్చి మీ ఎయిర్‌బ్యాగు సమయానికి విచ్చుకోకుండా చేయవచ్చు. పైకప్పు క్యారియర్ మీద బియ్యం బస్తాలు వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కేవారు, గురుత్వ కేంద్రాన్ని తామే పైకి లేపుతున్నామని గ్రహించాలి. బరువు ఎప్పుడూ డిక్కీలో, నేలకు దగ్గరగా ఉండాలి. టైరు గాలిని డ్రైవర్ తలుపు పక్కన అంటించిన చీటీ ప్రకారం, పూర్తి బరువుతో వెళ్లేటప్పుడు చెప్పిన అంకెకు, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. టైరు పక్కన అచ్చువేసిన చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీలో గాడులు లోతుగానే ఉన్నా టైర్లు పాతబడి ఉండటం తరచుగా కనబడుతుంది కాబట్టి స్టెప్నీతో సహా అయిదింటినీ చదవండి.

డబ్బు ఒకటే అయినప్పుడు

చాలామందికి అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఒకే ధరకు పెద్ద ఎస్‌యూవీలో బేస్ వేరియంట్, చిన్న కారులో టాప్ వేరియంట్ వస్తాయి. బేస్ ఎస్‌యూవీలో రెండు ఎయిర్‌బ్యాగులే ఉండి, ఈఎస్‌సీ లేకుండా, దానికి రేటింగ్ కూడా లేకపోతే, ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ, స్థిరమైన బాడీ షెల్ ఉన్న చిన్న కారునే తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. నలుగురు మించని కుటుంబానికి, ఎక్కువగా ఊళ్లోనే తిరిగేవారికి ఇందులో సందేహమే అక్కర్లేదు. నెలలో చాలా రోజులు రెండు వరుసల హైవే మీద, ఎదురుగా వాహనాలు వచ్చే దారిలో ఆరుగురితో ప్రయాణించేవారికి మాత్రం బరువైన బండి ఇచ్చే మేలు నిజమైనదే. వారు రేటింగ్ ఉన్న, మూడు వరుసలకూ కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న ఎస్‌యూవీ కోసం మరికొంత కాలం డబ్బు కూడబెట్టుకున్నా తప్పులేదు. చిన్న కారుతో అలాంటి దారిలో వెళ్లవలసివస్తే ఓవర్‌టేక్‌ల విషయంలో పెద్ద బండివారికంటే ఎక్కువ ఓపిక పట్టండి, ఎందుకంటే ముఖాముఖి ఢీ ఒక్కటే మీ బండి బలహీనత బాగా బయటపడే చోటు. రాత్రి ప్రయాణాన్ని తెల్లవారుజాముకు మార్చుకోగలిగితే ఆగిన లారీల బెడద కూడా చాలావరకు తగ్గుతుంది.

బుకింగ్ కాగితం మీద సంతకం చేసే ముందు వేరియంట్ పేరును అక్షరం పొల్లుపోకుండా రాయించుకుని, ఎయిర్‌బ్యాగుల సంఖ్య, ఈఎస్‌సీ, ఐసోఫిక్స్, అన్ని సీట్లకూ మూడు చోట్ల బిగిసే బెల్టులు ఆ వేరియంట్‌లోనే ఉన్నాయని కంపెనీ బ్రోచర్‌లోని పట్టికతో సరిచూసుకోండి. డెలివరీ రోజున కొబ్బరికాయ కొట్టే ముందే ఇవన్నీ బండిలో కళ్లతో చూసి, వెనక సీట్ల బెల్టుల మీద ప్లాస్టిక్ కవర్లు, సీటు కవర్ల కింద దూరిపోయిన బకిల్స్ ఉంటే అక్కడే తీయించండి. పక్క ఎయిర్‌బ్యాగులు సీటులో ఉన్న బండికి మామూలు సీటు కవర్లు తొడిగించవద్దు. అవి విచ్చుకోవడానికి కుట్టు తెరుచుకునే ప్రత్యేకమైన కవర్లు కావాలి.